పాట ఆగిన చోట చెయ్యి మొదలవుతుంది

(వినికిడి ఉన్న చంటిపిల్లలకు పాటలతో సైగలు పరిచయం చేయడం గురించి, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకెళ్లాలేమోనని టెన్షన్ పడకండి. చంటిపిల్లల మధ్య పాడీ పాడీ నా గొంతు బాగానే గట్టిపడింది. పాకేవాళ్లని పాకనివ్వండి. మైకు వైరు ఒక్కటి మాత్రం చూసుకోండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత మోసపోయామని మీరు అనుకోకూడదు. పిల్లలకి సైగలు నేర్పితే తొందరగా మాట్లాడతారని, తెలివితేటలు పెరుగుతాయని, బడిలో అందరికంటే ముందుంటారని మీరు చదివే ఉంటారు. బొమ్మల కార్డుల అట్టపెట్టెల మీద అదే రాసి ఉంటుంది, వీడియోల కిందా అదే. ఆ గ్యారంటీ నేను ఇవ్వలేను. ఎందుకివ్వలేనో చెప్పి, అయినా ఈ పని ఎందుకు చేస్తున్నానో ఆ తర్వాత చెబుతాను.

ఈ కథ 1980లలో అమెరికాలో ఊపందుకుంది. డేవిస్ ఊళ్లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా అక్రెడోలో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన కూతురు పువ్వు కనబడినప్పుడల్లా ముక్కు ఎగబీల్చడం గమనించారు. పాపకి ఇంకా మాట రాదు. వాసన చూస్తున్నట్టు ముక్కుతోనే 'పువ్వు' అనేస్తోంది. సుసాన్ గుడ్‌విన్‌తో కలిసి ఆవిడ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. ఇంచుమించు అదే రోజుల్లో జోసెఫ్ గార్షియా అనే ఆయన, బధిర దంపతుల ఇళ్లలో పుట్టిన వినికిడి ఉన్న పిల్లల్ని చూశారు. వాళ్లు నోటి మాట రాకముందే కావలసినవి చేతులతో అడిగేస్తున్నారు. మామూలు ఇళ్లలో పిల్లలు అదే వయసులో ఏడ్చి అడుగుతున్నారు. మన పిల్లలకీ ఇది నేర్పొచ్చు కదా అన్న ఆలోచన అక్కడ్నించి పాకింది.

2000లో అక్రెడోలో, గుడ్‌విన్ బృందం 103 మంది పిల్లలతో చేసిన అధ్యయనం వచ్చింది. పదకొండో నెల నుంచి సైగలు చూపించిన పిల్లలకి మాటల్లో కొంచెం మొగ్గు కనబడిందని అందులో తేల్చారు. ప్రకటనలు రాసేవాళ్లకి 'కొంచెం' అనే మాట ఎప్పుడూ ఆనదు. 2005లో కెనడా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 17 అధ్యయనాలని ముందేసుకుని జల్లెడ పట్టారు. లాభం ఉందని చాలా వాటిలో రాశారు గానీ, ఎంతమందిని చూశారు, ఎవరితో పోల్చారు అని అడిగితే గట్టిగా నిలబడేవి లేవు అన్నారు. తర్వాత 2013లో ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ కర్క్ బృందం 40 మంది పిల్లల్ని ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల వరకు గమనించింది. కొందరికి బ్రిటిష్ సంజ్ఞా భాషలోని సైగలు, కొందరికి మామూలు అభినయం, కొందరికి ఉత్త మాటలు, కొందరికి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఇరవయ్యో నెలకి మాటల్లో ఎవరూ ఎవరికంటే ముందు లేరు. వెనకా లేరు.

వెనకా లేరన్నదీ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే 'చేతులకి అలవాటుపడితే నోరు బద్ధకిస్తుంది' అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. (నవ్వులు) బధిర తల్లిదండ్రుల దగ్గర పెరిగే వినికిడి ఉన్న పిల్లలు రెండు భాషలూ, చేతిదీ నోటిదీ, వేటి సమయానికి అవి అందుకుంటారు.

ఆ 2013 అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. నన్ను ఈ పనిలో ఉంచింది అదే. పిల్లల్లో తేడా రాలేదు, తల్లుల్లో వచ్చింది. సైగలు నేర్చుకున్న తల్లులు, పిల్లలు మాట లేకుండా చెప్పేవాటిని, అంటే చూపుని, చేతి కదలికని, ఎక్కువ పట్టించుకున్నారు. తమంతట తాము ఏదైనా చేయబోతే చేయనిచ్చారు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది కూడా ఇంతే. ఈ పాటలు పాపకి నేర్పే పాఠాలు కావు. మనల్ని ఆపి, పాప చేతుల వైపు చూసేలా చేసే పాటలు. మనం ఒక పట్టాన ఆగే రకం కాదు.

ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లలు మీ మాట ఎంత అర్థం చేసుకుంటారో మీకు తెలుసు. 'నాన్న ఏడీ' అంటే తలుపు వైపు చూస్తారు. 'లైటు' అంటే పైకి చూస్తారు. తిరిగి చెప్పాలంటే మాత్రం నాలుక, పెదవులు, ఊపిరి మూడూ ఒక్క క్షణంలో కుదరాలి. అందుకు ఇంకా నెలలు పడుతుంది. చెయ్యి ఊపి టాటా చెప్పడం, వేలెత్తి చూపడం, తల అడ్డంగా ఊపడం ఈలోపే వచ్చేస్తాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా వస్తాయి. సైగలు ఆ దారిలోనే ఇంకో నాలుగడుగులు.

సరే, ఇందులో పాటెందుకు? మాట్లాడుతూ చూపిస్తే చాలదా?

చాలొచ్చు. పాటతో అయితే తేలిక. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకి, తల్లి ఎదురుగా కనబడకుండా, ఒకసారి మాటల రికార్డింగు, ఒకసారి పాట వినిపించారు. పాట వాళ్లెప్పుడూ విననిది, భాష కూడా తెలియనిది, టర్కిష్. మాటలు వింటున్నప్పుడు సగటున నాలుగు నిమిషాలు దాటగానే ఏడుపు మొహం పెట్టారు. పాటకి సుమారు తొమ్మిది నిమిషాలు ఆగారు. చంటిపిల్లలున్న ఇంట్లో అయిదు నిమిషాలంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి మరీ చిత్రం. 2009లో ఇష్త్వాన్ వింక్లర్, హెంక్‌యాన్ హోనింగ్ తదితరులు, పుట్టి రెండు మూడు రోజులైన పిల్లలకి నిద్రలో డ్రమ్ము దరువు వినిపించారు. తలకి మెత్తటి ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు స్పందన కొలిచారు. దరువులో పడాల్సిన మొదటి దెబ్బ, మనం సమం అంటామే, అది అప్పుడప్పుడు ఎగ్గొట్టారు. ఎగ్గొట్టినప్పుడల్లా మెదడులో 'అదేదీ?' అన్నట్టు ఒక కదలిక. పుట్టి మూడు రోజులు, పైగా నిద్రలో ఉన్నారు!

అంటే మీ ఒళ్లో ఉన్న ఈ బుజ్జాయి పాట వింటూ తర్వాతి దరువు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. మీరు ఆపితే, ఆపారని తెలుస్తుంది. నా పాటలన్నీ ఈ ఒక్క విషయం మీదే నడుస్తాయి. ఒకటి చూపిస్తాను.

రాగం మీ ఇష్టం, రెండు మూడు స్వరాలు చాలు.

'పాలు పాలు గోరువెచ్చని పాలు
గుటక గుటక తాగే పాలు
అయిపోయాయా, బంగారూ?
ఇంకా... ... ... కావాలా?'

ఈ నాలుగు పాదాల్లో మూడే సైగలు. పాలకి పిడికిలి మూసి తెరవడం, పితికినట్టుగా. అయిపోవడానికి రెండు అరచేతులూ తిప్పి ఖాళీ చూపించడం. 'ఇంకా' దగ్గర రెండు చేతుల వేళ్ల కొసలు దగ్గరికి చేర్చి, ఆ మొనలని ఒకదానితో ఒకటి తాకించడం. ఇవి అమెరికన్ సంజ్ఞా భాషలోవి. మీరు నేర్చుకోవాల్సింది ఏ భాషలోవో కాసేపట్లో వస్తాను.

ఇప్పుడు నాలుగో పాదం చూడండి. 'ఇంకా' అని, చేతులు తాకించి, ఆపేయాలి. మనసులో నాలుగు లెక్కపెట్టండి. పాడొద్దు, చేతులు దించొద్దు, పాప మొహం చూడండి. ముందు కళ్లు మీ నోటి మీద ఉంటాయి. రెండో లెక్కకి చేతుల మీదికి దిగుతాయి. మూడో లెక్కకి కాళ్లు కొట్టుకోవడం ఆగుతుంది. నాలుగో లెక్కకి ఏదో ఒకటి వస్తుంది: ఒక కుదుపు, ఒక కేక, గాల్లో ఒక చెయ్యి. ఏదొచ్చినా అదే జవాబు. వెంటనే 'కావాలా!' అని పాట అందుకోండి. మొదటి వారాల్లో జవాబు పాపదని మీరు అనుకోవడమే, దానికేమీ తెలియదు. మీరు అలా అనుకుంటూ పోగా పోగా, ఒకరోజు అది నిజంగా అడుగుతుంది.

చాలామందికి కష్టం ఈ నాలుగు లెక్కల దగ్గరే. ఒక లెక్కకే ఉండబట్టలేక, 'కావాలా, కావాలా, అమ్మకి చెప్పు, చెప్పు చెప్పు' అంటూ పాప వంతు కూడా మనమే తీసేసుకుంటాం. నాన్నలు కొంచెం నయం, కానీ వాళ్లు ఆ గ్యాపులో ఫోను చూస్తారు. (నవ్వులు)

పాప సైగ మీ సైగలా ఉండదు. మొదట్లో 'ఇంకా' అంటే చప్పట్లు కొట్టినట్టుంటుంది, లేదా ఒక అరచేతిలో ఇంకో చేతి వేలితో పొడిచినట్టుంటుంది. సంజ్ఞా భాష ఇంట్లోనే నేర్చుకునే పిల్లల్లోనూ ఇదే వరస. సైగ ఎక్కడ చేయాలో, గడ్డం దగ్గరా ఛాతీ దగ్గరా, అది ముందు సరిగ్గా పట్టుకుంటారు. వేళ్లు ఎలా పెట్టాలో ఆఖరున కుదురుతుంది. మణికట్టు తిప్పాల్సిన చోట మోచెయ్యో భుజమో మొత్తం తిప్పేస్తారు, పెద్ద కీళ్లు ముందు మాట వింటాయి కాబట్టి. దిద్దకండి. వేళ్లు పట్టుకుని మడవకండి. మీరు మాత్రం మీ సైగ సరిగ్గా చేస్తూ పోండి.

ఏ సైగలతో మొదలుపెట్టాలి? పెద్దవాళ్లకి 'ప్లీజ్', 'థాంక్యూ' ముందు నేర్పాలని ఉబలాటం. తొమ్మిది నెలల మనిషికి మర్యాదతో పనేముంది? దానికి లైటు కావాలి, కుక్క కావాలి, పిట్ట కావాలి, ఇంకా కావాలి, వద్దు కావాలి. మీ పాప ఊపిరి బిగబట్టి చూసేది ఏదో, ఆ మాటకి పాట కట్టండి. ఒక్కో పాటకి ఒకటి నుంచి మూడు సైగలు. ఆరో నెల నుంచి చూపించడం మొదలుపెట్టొచ్చు. తిరిగి చేయడం ఎనిమిది, తొమ్మిది, పది, ఒక్కోసారి పన్నెండు నెలలకీ రావచ్చు. పక్కింటి పాపతో పోల్చడం మొదలుపెడితే పాట పోయి పరీక్ష మిగులుతుంది.

చేతులకీ లయ ఉంటుందన్నది వినికిడి ఉన్న మనకి కొత్తగా అనిపిస్తుంది గానీ, బధిర కుటుంబాలకి కాదు. వాళ్ల పిల్లల పాటల్లో ఒకే చేతి ఆకారం పదే పదే వస్తుంది, మనకి ప్రాస వచ్చినట్టు. ఒకటి, రెండు, ఒకటి-రెండు-మూడు అనే దరువు మీద చేతులు నడుస్తాయి. 1991లో లారా పెటిట్టో, పౌలా మారెంటెట్ అనే ఇద్దరు పరిశోధకులు, వినికిడి ఉన్న పిల్లలు బ బ బ అంటూ వాగే వయసులో, ఇంట్లో సంజ్ఞా భాష చూసే బధిర పిల్లలు చేతులతో అలాగే 'వాగుతారు' అని చూపించారు. 2001లో పెటిట్టో బృందం వినికిడి ఉన్న పిల్లల్నే తీసుకుంది. కొందరి తల్లిదండ్రులు బధిరులు, ఇంట్లో చేతి భాషే. కొందరిది నోటి భాష. అందరి చేతులూ సెకనుకి సుమారు రెండున్నర సార్లు కొట్టుకుంటున్నాయి, పిల్లల చేతులు ఎలాగూ ఊరుకోవు. చేతి భాష ఇళ్లలోని పిల్లలకి మాత్రం దీనితో పాటు, ఛాతీకి ఎదురుగా, సెకనుకి ఒకసారి చొప్పున నిదానంగా సాగే ఇంకో కదలిక ఉంది. అది వాళ్ల ఇంటి భాష లయ. చూసిందే చేతుల్లోకి దిగింది.

జపాన్‌లో నొబువో మసాటకా చేసిన పని కూడా చెప్పాలి. బధిర తల్లులు పిల్లలతో మాట్లాడేటప్పుడు సైగలు నిదానంగా, పెద్దవిగా, మళ్లీ మళ్లీ చేస్తారు. మనం పిల్లలతో గొంతు సాగదీసి, ముద్దుగా మాట్లాడతామే, అదే చేతులతో. జీవితంలో సంజ్ఞా భాష చూడని, వినికిడి ఉన్న ఆరునెలల పిల్లలకి ఆ వీడియోలు చూపిస్తే, పెద్దవాళ్లతో మాట్లాడే సైగల కంటే ఆ ముద్దు సైగల్నే ఎక్కువసేపు చూశారు. కాబట్టి మీ పాటని మీకు బాగున్న వేగంలో సగానికి తగ్గించండి. వేగంగా పాడితే చేతులు నలిగిపోతాయి.

వీడియో అన్నానని టీవీ ముందు కూర్చోబెట్టకండి. ఏడాది లోపు పిల్లలకి తెర అసలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పైగా తెర మీద బొమ్మ మీ పాప కోసం నాలుగు లెక్కలు ఆగదు. వీడియో మీరు చూసి నేర్చుకోండి, పాపకి మీరు పాడండి.

ఇప్పుడు, ఏ సైగలు అన్న ప్రశ్న. ప్రపంచమంతటికీ ఒకటే సంజ్ఞా భాష అని చాలామంది అనుకుంటారు. కాదు. అమెరికాలో, బ్రిటన్‌లో నోటి భాష ఒకటే అయినా అక్కడి సంజ్ఞా భాషలు వేర్వేరు, ఒకరిది ఒకరికి అర్థం కాదు. ప్రతి భాషకీ దాని వ్యాకరణం దానికుంది. విలియం స్టోకీ అనే భాషా పరిశోధకుడు 1960లో అమెరికన్ సంజ్ఞా భాష నిర్మాణాన్ని విడదీసి చూపించేదాకా పండితులు కూడా దీన్ని భాషగా ఒప్పుకోలేదు. అందుకని మనం పాటలో ఒకటి రెండు సైగలు కలిపి, 'మా పాపకి సంజ్ఞా భాష వచ్చు' అనకూడదు. దానికి వచ్చింది కొన్ని మాటలు. పాటలో ప్రతి పదానికీ ఒక సైగ అతికిస్తే అది ఇంకా అన్యాయం, నోటి భాష వరస మీద చేతి భాష మాటలు కుక్కినట్టవుతుంది.

మీరు ఏ దేశంలో ఉంటే అక్కడి బధిరుల సంజ్ఞా భాష నేర్చుకోండి, వీలైతే బధిరుల దగ్గరే నేర్చుకోండి. సొంతంగా కల్పించుకున్న సైగలతోనూ పాపకి పని జరుగుతుంది, ఆ ముక్కు ఎగబీల్చిన పాపకి జరిగినట్టే. కానీ నిజం సైగ అయితే, ఆ మాటని వాడే మనుషులు ఇంటి బయట కూడా ఉంటారు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి ఒక అంతర్జాతీయ సభ జరిగింది. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒకే ఒక్కడు. బడుల్లో సైగలొద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. తరాల తరబడి బధిర పిల్లలు బడిలో చేతులు కదిపితే దెబ్బలు తిన్నారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే పరంపర సభలో ఆ తీర్మానాలని తోసిపుచ్చారు. నూట ముప్ఫై ఏళ్లు పట్టింది. ఇవాళ్టికీ బధిర బిడ్డ పుట్టిన ఇంటికి 'సైగలు అలవాటు చేయకండి, మాట రాదు' అని చెప్పేవాళ్లున్నారు. బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ ఇళ్లలో సైగ తెలిసినవాళ్లు ఉండరు. వినబడే బిడ్డకి సైగ ముచ్చట, వినబడని బిడ్డకి సైగ నిషేధం! నా క్లాసుకొచ్చే ప్రతి కుటుంబానికీ ఇది చెబుతాను. వింటే కొందరు ఇబ్బందిపడతారు. పడనివ్వండి.

దీనితో ముడిపడిన ఒక పని మాట. సైగ చేస్తున్నాడు కదా అని వినికిడి పరీక్ష మానకండి. పుట్టిన నెల లోపు పరీక్ష, అనుమానముంటే మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు కావలసిన సాయం మొదలవ్వాలి అన్నది నిపుణులు పాటించే లెక్క. తర్వాత కూడా పిలిస్తే తిరగకపోతే, శబ్దానికి ఉలిక్కిపడకపోతే, పాటలు పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక ప్రశ్నలు. చీటీల్లో రెండు తీస్తాను.

'మాటలు వచ్చాక సైగలు మానిపించాలా?' మానిపించే పనే లేదు, వాటంతట అవే జారిపోతాయి. కొన్నాళ్లు చెయ్యీ మాటా కలిపి వస్తాయి, తర్వాత మాట ఒక్కటే మిగులుతుంది. నోట్లో ముద్ద ఉన్నప్పుడో, కోపమొచ్చి గొంతు పెగలనప్పుడో పాత సైగ బయటికొస్తుంది. కొనసాగించాలనుంటే మాత్రం పాటలు చాలవు. ఆ భాష మాట్లాడే మనుషులు కావాలి.

రెండోది: 'పాపని ఎత్తుకున్నప్పుడు ఒక్క చెయ్యే ఖాళీగా ఉంటుంది, రెండు చేతుల సైగ ఎలా?' మంచి ప్రశ్న, ఇది నిజంగా పిల్లల్ని మోసినవాళ్లే అడగగలరు. బధిర తల్లులు రోజూ చేసేది ఇదే. ఖాళీగా ఉన్న చేత్తో సైగలో సగం చేసి, రెండో చేతికి బదులు పాప ఒంటినే వాడుకుంటారు. 'ఇంకా'కి మీ వేళ్ల మొనలతో పాప అరచేతిలో తట్టండి. పాప మొహం అటు తిరిగి ఉంటే, గడ్డం దగ్గర చేయాల్సిన సైగని దాని గడ్డం మీదే చేయండి. చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది, నవ్వుతుంది, పాట కాసేపు ఆగుతుంది. నాలుగు లెక్కపెట్టండి.